ఆవిరి గొట్టానికి తుప్పు ఒక్కటే జబ్బు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీలో ఒక కర్మాగారంలో ఆవిరి గొట్టం పగిలిన వార్త వచ్చింది. అది ఎక్కడ, ఎవరిది అన్నది నా ఉత్తరానికి అక్కర్లేదు. మనుషులకు ఏమీ కాలేదని చదివి ఊపిరి పీల్చుకున్నాను. దాని కిందనే ఇంకో వాక్యం ఉంది: ‘పైపు పాతబడి తుప్పు పట్టడంతో పగిలినట్లు భావిస్తున్నారు.’ ఎవరు భావిస్తున్నారో మాత్రం రాయలేదు.

మీ విలేకరిని తప్పుపట్టను. విశాఖలో పుట్టి పెరిగినవాడికి ఇనుము జబ్బు అంటే ముందు తుప్పే గుర్తుకొస్తుంది. సముద్రపు గాలికి మా ఇంటి గేటు కింది కమ్మీలు రెండేళ్లకోసారి రంగు వేయించినా పొరలు పొరలుగా రాలిపోతూనే ఉంటాయి. పెదగంట్యాడలో మా బావమరిది మేడమెట్ల రెయిలింగును చేత్తో పట్టుకుంటే అరచెయ్యి ఎర్రబడుతుంది. అయితే 540 డిగ్రీల ఆవిరి మోసే గొట్టం సంగతి వేరు. దానికి దూదిలాంటి మందపాటి దుప్పటి, ఆ దుప్పటి మీద అల్యూమినియం రేకు చుట్టి ఉంటాయి. పని చేస్తున్నంతకాలం దానిమీద నీటిచుక్క నిలవదు. మీరు వేసిన ఫొటోలో పగిలిన అంచు కనిపిస్తూనే ఉంది. తుప్పు తిన్న గొట్టమైతే అంచు కాగితంలా పలచబడాలి. ఇది నిండు మందంతో, పెద్దగా ఉబ్బకుండా, వెల్డింగ్ అతుకు పక్కనే దారం పట్టి గీసినట్టు తెగింది. ఫొటో చూసి తీర్పు చెప్పడం నా వృత్తికి తగదు కాబట్టి ఆ గొట్టం సంగతి నేను తేల్చను. ఆ ఫొటో చూడగానే నాకు గుర్తొచ్చిన ఇంకో గొట్టం గురించి చెప్పాలని ఈ ఉత్తరం.

నేను ముప్ఫై నాలుగేళ్లు బాయిలర్ సైట్లలో వెల్డింగ్ తనిఖీ చేసి ఆరేళ్ల క్రితం విశ్రాంతి తీసుకున్నాను. దేశమంతా తిరిగినా పని నేర్చుకున్నది ఇక్కడే. ఒకప్పుడు గాజువాక చుట్టుపక్కల ఏ తలుపు తట్టినా ఒక వెల్డరో ఫిట్టరో బయటికి వచ్చేవాడు. మేం అప్పట్లో చూసిన గొట్టాలు ఎక్కువగా రెండుంపావు శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం ఉన్న పాతకాలపు ఉక్కు. మందంగా, మొద్దుగా ఉండేవి. చిన్న తప్పులు చేసినా ఓర్చుకునేవి. తర్వాత సైట్లలోకి 9 శాతం క్రోమియం ఉన్న పీ-91 అనే కొత్త ఉక్కు వచ్చింది. నా కథ దానిది.

అందరికీ అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మామూలు వేడిలో ఉక్కు కడ్డీకి బరువు వేలాడదీస్తే అది రవ్వంత సాగి ఆగిపోతుంది. పదేళ్ల తర్వాత వచ్చి కొలిచినా అంతే ఉంటుంది. అదే కడ్డీని 540 డిగ్రీల దగ్గర ఉంచితే, బరువు పెంచకపోయినా సాగుతూనే ఉంటుంది. కంటికి ఆననంత నెమ్మదిగా, కానీ ఆగకుండా. దీన్ని సైట్లో క్రీప్ అంటాం. ఉక్కు లోపల పరమాణువుల వరుసల్లో ఉండే లోపాలు వేడికి కదులుతూ పోవడం వల్ల ఇది జరుగుతుంది. వాటిని కదలనివ్వకుండా పట్టి ఉంచడమే వేడిని తట్టుకునే ఉక్కు తయారీలో కిటుకంతా. పట్టి ఉంచేవి లోపలే పుట్టిన సన్నటి రేణువులు. పుస్తకాల్లో వీటిని అవక్షేపాలు అంటారు. (గిన్నె అడుగున చేరే మడ్డి అనుకోకండి. ఇవి ఘనపదార్థం లోపలే, ఎక్కడికక్కడ విడివడి కూర్చుంటాయి.)

పీ-91లో ఈ రేణువులు రెండు రకాలు. ఒకటి క్రోమియం ఎక్కువగా ఉన్న కార్బైడ్లు. ఇవి ఉక్కు లోపలి సరిహద్దు గోడల మీద బారుతీరి కూర్చుని, ఆ గోడలు జరగకుండా చూస్తాయి. రెండోది వెనేడియం, నయోబియం లోహాలు కర్బనంతోనూ నత్రజనితోనూ కలిసి ఏర్పడే మరీ సన్నటి రేణువులు. మిల్లీమీటరును లక్ష ముక్కలు చేస్తే అందులో రెండు మూడు ముక్కలంత ఉంటాయి. అసలు కాపలాదారులు ఇవే. ఉక్కు మొత్తంలో వెనేడియం 0.2 శాతం దగ్గర, నయోబియం 0.1 శాతం లోపు, నత్రజని అంతకంటే తక్కువ. కూరలో ఇంగువంత అన్నమాట. ఆ చిటికెడు వల్లే పాత ఉక్కుతో పోలిస్తే చాలా పలచటి గోడతో అదే ఆవిరిని మోయగలుగుతున్నాం. 1970లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ల కోసం ఈ ఉక్కును రూపొందించారు. మన కల్పాక్కంలో కట్టిన ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు ఆవిరి జనరేటర్లకు వాడిందీ ఇదే కుటుంబపు ఉక్కు.

ఇక జబ్బు సంగతి. మా ఇంటికి వచ్చే ఐటీఐ కుర్రాళ్లకు చెప్పేటప్పుడు జాలారిపేట వలలను గుర్తుచేస్తాను. ఒక వలకు ముడులు తగ్గించి, కళ్లు పెద్దవి చేసి, మిగిలిన దారాన్ని ఉన్న ముడుల మీదే చుట్టేశారనుకోండి. తూకం వేస్తే వల అంతే తూగుతుంది. చేపలు మాత్రం దాటిపోతాయి. ఏళ్ల తరబడి వేడిలో ఉన్న ఉక్కులో కూడా చిన్న రేణువులు కరిగిపోతూ, ఆ సరుకంతా పక్కనున్న పెద్ద రేణువులకు చేరుతుంది. మొత్తం పదార్థం తగ్గదు, రేణువుల మధ్య ఎడం పెరుగుతుంది. రసాయన పరీక్షకు పంపితే క్రోమియం, మాలిబ్డినం శాతాలు కొన్ననాటి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే వస్తాయి. ‘సర్టిఫికెట్ సరిగ్గానే ఉందండీ’ అనే మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. అది పుట్టిననాటి జాతకం. ఈనాటి నాడి అందులో ఎందుకు దొరుకుతుంది?

చిన్నవి కరిగి పెద్దవి కావడంతోనే అయిపోదు, కొత్తవి కూడా పుడతాయి. ఉక్కులో కరిగి ఉండి బలమిచ్చే మాలిబ్డినం కొన్నేళ్లకు ఇనుముతో జతకట్టి విడిగా ముద్దకడుతుంది. దాన్ని లావెస్ ఫేజ్ అంటారు. మొదట్లో కొంత మేలు చేసినట్టే ఉంటుంది కానీ, త్వరగా బొద్దుగా పెరిగి పనికిరాకుండా పోతుంది. ఇంతకంటే తిండిపోతు ఇంకొకటుంది, పేరు జెడ్ ఫేజ్. క్రోమియం, వెనేడియం, నత్రజని కలిసిన పెద్ద రేణువు ఇది. పుట్టడానికి చాలా ఏళ్లు తీసుకుంటుంది. పుట్టాక చుట్టూ ఉన్న సన్నటి కాపలా రేణువులను మింగి తాను పెరుగుతుంది. క్రోమియం ఎక్కువగా ఉంటే ఇది తొందరగా వస్తుంది. ఆవిరికి పెచ్చు కట్టకుండా ఉంటుందని క్రోమియాన్ని 12 శాతం దగ్గరికి తీసుకెళ్లిన ఉక్కులు తక్కువకాలం పరీక్షల్లో బ్రహ్మాండంగా కనిపించి, ఏళ్లు గడిచేకొద్దీ అనుకున్నదానికంటే చాలా కిందికి జారిపోయాయి. జపాన్‌లోని సుకుబాలో ప్రభుత్వ పరిశోధన సంస్థ 1966 నుంచి ఇలాంటి పరీక్షలను లక్ష గంటలు దాటినా ఆపకుండా నడిపిస్తూ అంకెలు ప్రచురిస్తోంది. అంత ఓపిక ఉన్నవాళ్లు ఉండబట్టే ఈ జారుడు బయటపడింది. మూడేళ్ల పరీక్ష చూసి ముప్ఫై ఏళ్లకు గీత పొడిగించేవాళ్లకు ఇది ఎప్పటికీ కనిపించేది కాదు.

ఉక్కు లోపల మారిపోవడం కొత్త సంగతేమీ కాదు. 1943లో అమెరికాలోని స్ప్రింగ్‌డేల్ విద్యుత్ కేంద్రంలో ఒక ఆవిరి గొట్టం ఇలాగే అతుకు పక్కన తెగిపోయింది. కార్బైడ్‌గా ఉండాల్సిన కర్బనం వేడికి విడిపోయి, పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్‌గా మారి, ఒక వరుసలో పేరుకుంది. దాని తర్వాతే ఆవిరి గొట్టాల ఉక్కులో క్రోమియం కలపడం మామూలైంది.

వేడి ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక లెక్క. 1952లో లార్సన్, మిల్లర్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఇచ్చిన సూత్రం ఉంది. అందులో 20 అనే స్థిరాంకం వేసి చూడండి. 540 డిగ్రీల దగ్గర లక్ష గంటలు బతకాల్సిన గొట్టం, అదే ఒత్తిడిలో 550 దగ్గర దాదాపు 50 వేల గంటలకే చేతులెత్తేస్తుంది. పది డిగ్రీలకు సగం ఆయుష్షు. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవారికి పది డిగ్రీలంటే తెర మీద ఒక చిన్న అంకె మారడమే.

ఇప్పుడు నా కథ. 2000వ దశకం మొదట్లో, ఈ జిల్లాలో కాదు, ఈ రాష్ట్రంలోనూ కాదు, ఒక విద్యుత్ కేంద్రంలో కొత్త యూనిట్ కడుతున్నారు. ప్రధాన ఆవిరి గొట్టానికి ఒక అతుకు పూర్తయింది. పీ-91 అతుకును వెల్డింగ్ తర్వాత బాగా చల్లారనిచ్చి, మళ్లీ 760 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాలి. ఆ ఉంచడంలోనే మనం చెప్పుకున్న రేణువులు సరైన సైజులో, సరైన చోట కూర్చుంటాయి. తక్కువైతే అతుకు పెళుసుగా మిగిలిపోతుంది. ఎక్కువైతే రేణువులు మొదటిరోజే ముసలివైపోతాయి. 800 దాటి ఇంకా పైకి పోతే ఉక్కు నిర్మాణమే మారిపోవడం మొదలవుతుంది. కాబట్టి గొట్టానికి నాలుగు వైపులా, గడియారంలో 12, 3, 6, 9 గంటలు ఉండే చోట్ల వేడిని కొలిచే థర్మోకపుల్ తీగలు అంటించి, హీటింగ్ కాయిళ్లు చుట్టి, పైన దుప్పటి కప్పుతారు. రికార్డరు మీద నాలుగు రంగుల గీతలు నడుస్తుంటాయి. రాత్రంతా నేను కుర్చీలో కూర్చుని ఆ గీతలే చూశాను. రైలు పట్టాల్లా ఒక్క చోట కూడా వంకర లేదు.

తెల్లవారి దుప్పటి విప్పారు. కింద, అంటే 6 గంటల చోటున, తీగ ఊడి వేలాడుతోంది. ఎప్పుడు ఊడిందో ఎవరికి తెలుసు? గొట్టాన్ని వదిలేసి తీగ దుప్పటి పొరల్లోకి జారింది. అక్కడ వేడి తక్కువ కాబట్టి, ఆ వైపు చాలలేదనుకుని యంత్రం ఇంకా ఇంకా వేడి పోసింది. చార్టు మీద మాత్రం 760 అనే పడింది.

హార్డ్‌నెస్, అంటే ఉక్కు గట్టిదనం, పరీక్ష చేశాను. పైన 212, కుడివైపు 208, కింద 172, ఎడమవైపు 210. కనీసం 190 ఉండాలి. కింది వైపు వేడి ఎక్కువై మెత్తబడిందన్నమాట. నేను అంకెలు పట్టుకుని మా పై అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవారేమీ కాదు, యూనిట్ ప్రారంభ తేదీ నెత్తిమీద ఉంది.

“నాలుగూ కలిపి సగటు ఎంతయ్యా?” అన్నారు.

“200 చిల్లర సార్.”

“190 దాటిందిగా. సగటు రాసేయ్.”

కోసి తీసేసి కొత్త ముక్క వేయాలని నాకు తెలుసు. లేదా ఆ ముక్క మొత్తాన్ని 1,050 డిగ్రీల దాకా వేడిచేసి మొదటినుంచి చేసుకురావాలి. రెండూ చెప్పాను. రెండుసార్లు చెప్పాను కూడా. మూడోసారి చెప్పకుండా సంతకం పెట్టాను. నాకు అప్పుడు ఇద్దరు చదువుకునే పిల్లలు, కాంట్రాక్టు ఉద్యోగం. ఇది సాకు అని నాకు తెలుసు.

ఏడేళ్ల తర్వాత అదే యూనిట్ మరమ్మతుకు ఆగినప్పుడు, ఇంకో సంస్థ తరఫున నేను మళ్లీ అక్కడికి వెళ్లాను. ఆ అతుకు కింది భాగాన్ని వరుసగా సన్నటి ఎమరీ కాగితాలతో అద్దంలా సానబట్టి, ఆసిడ్‌తో తుడిచి, అసిటోన్‌లో మెత్తబరిచిన పలచటి ప్లాస్టిక్ పొరను అదిమి తీశాం. వేలిముద్ర తీసినట్టే. దీన్ని రెప్లికా అంటారు. సూక్ష్మదర్శిని కింద పెడితే, అతుకు పక్కన వేడికి దెబ్బతిన్న సన్నటి పట్టీలో నల్లటి చుక్కలు కనిపించాయి. అవి క్రీప్ వల్ల ఉక్కులో పడ్డ సన్నటి రంధ్రాలు. పోపులో ఆవాలు చల్లినట్టు కొన్ని విడివిడిగా, కొన్ని దండగుచ్చినట్టు. ఒకచోట ఆ దండ కలిసిపోయి పగులైంది. కంటికి కనిపించే పగులు కాదు, కానీ పగులే. గొట్టం మందం కొలిస్తే కొత్తదానిలాగే ఉంది. ఆ ముక్కను కోసి మార్చారు. నా పాత చార్టు కావాలని అడిగితే ఆ హీట్ ట్రీట్‌మెంట్ కాంట్రాక్టరు ఎప్పుడో దుకాణం ఎత్తేశాడని చెప్పారు. ఫైలులో ఒకే ఒక్క కాగితం ఉంది: ‘హార్డ్‌నెస్ 200, ఆమోదయోగ్యం.’ కింద నా సంతకం.

పీ-91 గురించి జనం గ్రహించాల్సిన ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. దాని బలం ఆ రేణువుల అమరికది. అమరిక చెడితే మిగిలేది మామూలు 9 శాతం క్రోమియం ఉక్కు. ఆ మామూలు ఉక్కుకు ఈ పలచటి గోడ చాలదు. పాత మొద్దు గొట్టం తప్పులు ఓర్చుకున్నట్టు ఇది ఓర్చుకోదు.

మన బాయిలర్ నిబంధనల్లో 400 డిగ్రీలు, ఆపైన పనిచేసే భాగాలకు లక్ష గంటలు నిండాక మిగిలిన ఆయుష్షును లెక్కగట్టే పరీక్షలు చేయాలని ఉంది. ఆపకుండా నడిపినా లక్ష గంటలంటే పదకొండేళ్ల పైమాట. అన్నీ సరిగ్గా చేసిన గొట్టానికి అది మంచి నియమమే. నా 172 అతుకు అందులో దాదాపు సగం దూరంలోనే పగుళ్లిచ్చింది. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చింది. దాని కింద నిబంధనలను చూసేవారికి నా మనవి ఒకటే. పీ-91 లాంటి ఉక్కుకు హార్డ్‌నెస్ లెక్క పదకొండో ఏట మొదలుకాకూడదు, యూనిట్ నడవడానికి ముందే మొదలుకావాలి. ప్రతి అతుకుకూ నాలుగు వైపులా, అతుకు మీదా పక్కనా విడివిడిగా రాయాలి. సగటు అనే గడి ఆ పత్రంలో ఉండనే కూడదు. చార్టులు కాంట్రాక్టరు ట్రంకుపెట్టెలో కాకుండా గొట్టం యజమాని దగ్గర ఉండాలి. మన ఊరి తేమకు కాగితం మెత్తబడి గీతలు వెలిసిపోతాయి కాబట్టి స్కాన్ చేసి కూడా ఉంచాలి.

సైట్లలో పనిచేసే తమ్ముళ్లకు ఒక మాట. మందం కొలిచే యంత్రం చేతిలో ఉంది కదా అని దానితోనే తిరిగి రావద్దు. ఈ జబ్బు ఆ యంత్రానికి కనిపించదు. సౌర విద్యుత్ పెరిగాక బొగ్గు యూనిట్లను పగలు తగ్గించి సాయంత్రం పెంచుతున్నారు. రోజూ వేడెక్కి చల్లారే గొట్టానికి క్రీప్‌తో పాటు అలసట కూడా తోడవుతుంది. మా కాలంలో యూనిట్ నెలల తరబడి ఒకే వేడిలో నడిచేది. మీకు ఆ సుఖం లేదు.

మీ విలేకరి మళ్లీ ఆ కర్మాగారానికి వెళ్తే, తెగిన అంచు పక్కన హార్డ్‌నెస్ ఎంత వచ్చిందని ఒక్క ప్రశ్న అడగమనండి. ఒకే అంకె చెప్పి ఊరుకుంటే, మిగతా మూడు వైపులా ఎంత అని కూడా అడగమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం